తెలుగునాట పాశ్చాత్య సంగీతం

ఐరోపాలో క్రైస్తవ ప్రార్థనా గానంగా మొదలై, వెయ్యేళ్లకు పైగా రాత ఆధారంగా పెరిగిన సంగీత సంప్రదాయం పాశ్చాత్య సంగీతం. ఒకే క్షణంలో వేర్వేరు స్వరాలను కలిపి పలికించే హార్మొనీ, ఏ వాద్యం ఏం వాయించాలో ముందే కాగితం మీద పెట్టే స్టాఫ్ నొటేషన్, రచించేవారు ఒకరు వాయించేవారు మరొకరు కావడం దీని ముఖ్య లక్షణాలు. ఈ సంగీతం తెలుగువారికి సైనిక బ్యాండు, మిషన్ చర్చి, నాటకశాల, సినిమా అనే నాలుగు దారుల్లో పరిచయమైంది. ఐరోపాలో ఒకదాని వెనుక ఒకటిగా నడిచిన శైలీ యుగాలు ఇక్కడికి ఆ వరుసలో రాలేదు. వాద్యాలు, బాణీలు ముందు చేరాయి. ఆ సంగీతానికి వెన్నెముక అయిన హార్మొనీ చర్చి వెలుపల సాధారణ శ్రోత చెవికి చేరడానికి మరో నూటయాభై ఏళ్లు పట్టింది.

మూల భావనలు (చూ. మేళకర్త, గమకం)

స్థాయిని పన్నెండు స్వరస్థానాలుగా చూడటం రెండు సంప్రదాయాల్లోనూ ఉంది. పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలు మన 29వ మేళమైన ధీరశంకరాభరణంవి. నేచురల్ మైనర్ 20వ మేళమైన నటభైరవితోనూ, హార్మోనిక్ మైనర్ 21వ మేళమైన కీరవాణితోనూ సరిపోతాయి. అయితే స్వరాలు ఒకటైనంత మాత్రాన సంగీతం ఒకటి కాదు. కర్ణాటక సంగీతంలో స్వరం నిలిచి ఉండదు, గమకంతో ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. హార్మొనీలో మూడు నాలుగు స్వరాలు ఒకదాని మీద ఒకటి నిలవాలి కాబట్టి వాటిలో ఏదీ ఊగకూడదు. గమకం, హార్మొనీల్లో ఒకటి పెరిగితే రెండోది తగ్గక తప్పదు.

రెండో తేడా షడ్జమానిది. మన కచేరీలో తంబురా మొదట పలికిన షడ్జమమే చివరిదాకా ఆధారం. పాశ్చాత్య రచనలో ఆ ఆధారమే నడుమ చోటు మారుతుంది. దీన్ని మాడ్యులేషన్ అంటారు. సింఫనీలో ఉద్వేగం చాలావరకు ఆధార స్వరాన్ని విడిచిపోయి మళ్లీ దాన్ని చేరడంలో పుడుతుంది. రాగానికి అలవాటు పడిన చెవికి సింఫనీ మొదట్లో అంతుపట్టకపోవడానికి కారణం ఇదేననాలి.

శైలీ యుగాలు

యుగాల హద్దులు చరిత్రకారులు సౌకర్యం కోసం పెట్టుకున్నవి. ఏ స్వరకర్తా ఒక యుగం ముగిసిందని రచన మానుకోలేదు.

మధ్యయుగం సుమారు 500 నుంచి 1400 వరకు. దీని పునాది గ్రెగోరియన్ గానం. అది లాటిన్ ప్రార్థనలను తోడు స్వరం లేకుండా, అందరూ ఒకే బాణీలో పాడే పద్ధతి. పదకొండో శతాబ్దంలో ఇటలీకి చెందిన గ్విడో ఆఫ్ అరెజ్జో గీతల మీద స్వరాలు గుర్తించే పద్ధతిని స్థిరపరిచాడు. ఒక స్తోత్రంలోని పాదాల తొలి అక్షరాల నుంచి ఉత్, రే, మి, ఫ, సోల్, ల అనే స్వరనామాలను తీసుకున్నాడు. వినని పాటను చూసి పాడడం అప్పటి నుంచి సాధ్యమైంది. ఐరోపా సంగీతం తర్వాత పట్టిన దారికి ఈ ఒక్క ఏర్పాటే మూలం. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో పారిస్ నోత్ర్‌దామ్ చర్చిలో లియోనిన్, పెరోతిన్‌లు ఒక బాణీ మీద మరో బాణీ పేర్చారు. పద్నాలుగో శతాబ్దానికి గియోమ్ ద మషో నాలుగు గొంతుల పూర్తి ప్రార్థనా సంగీతం రాశాడు.

పునరుజ్జీవన యుగం 1400–1600. ఇది ఏ గొంతూ మరోదానికి లొంగకుండా నాలుగైదు బాణీలు సమానంగా అల్లుకునే పాలిఫనీ కాలం. జోస్కాన్ దె ప్రే, పాలెస్ట్రీనా దీని పెద్దలు. 1501లో వెనిస్‌లో పెట్రూచ్చి సంగీతాన్ని అచ్చువేశాడు. జోస్కాన్ కాలంలోనే తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులకెక్కాయి. అయితే రేకుల మీద రాగం పేరు, సాహిత్యం ఉంటాయి, బాణీ ఉండదు. రెండు నాగరికతల్లో ఏది రాతకు ఎక్కింది, ఏది గురుముఖానికి మిగిలింది అన్నది ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

1600–1750 మధ్యది బరోక్ యుగం. 1607లో మాంటెవెర్డి ‘ఓర్ఫెయో’తో ఒపెరా నిలదొక్కుకుంది. పాత చర్చి మోడ్‌లు వెనక్కి తగ్గి మేజర్, మైనర్ అనే రెండు స్కేళ్లు మాత్రమే పాలించడం మొదలైంది. ఆ పదిహేడో శతాబ్దంలోనే దక్షిణాదిన వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’లో 72 మేళాలు లెక్కగట్టాడు. ఒకచోట స్కేళ్లు రెండుకు కుదించుకుపోతుంటే మరోచోట డెబ్బై రెండుకు విస్తరించాయి. హార్మొనీకి తక్కువ స్కేళ్లు చాలు, రాగానికి ఎక్కువ కావాలి. వివాల్డి, హాండెల్, యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఈ యుగం చివరి తరం. 1750లో బాఖ్ మరణంతో బరోక్ ముగిసిందని లెక్క.

తర్వాతి క్లాసికల్ యుగం (1750–1820) హేడన్, మొజార్ట్, బీథోవెన్‌లది. సింఫనీ, స్ట్రింగ్ క్వార్టెట్, సొనాటా రూపాలు కుదురుకున్నాయి. బీథోవెన్ 1770లో పుట్టాడు, త్యాగరాజు అతనికి మూడేళ్లు పెద్ద. రొమాంటిక్ యుగంలో (1820–1900) షూబర్ట్, షోపాన్, వాగ్నర్, చైకోవ్‌స్కీ వ్యక్తి మనోభావాన్ని, ప్రకృతిని, జాతీయతను సంగీతానికి వస్తువులు చేశారు, ఆర్కెస్ట్రా వందమందికి చేరింది. వాద్యాల తయారీ కార్ఖానాలకు మారడం కూడా ఈ కాలంలోనే. 1810లలో జర్మనీలో ఇత్తడి బాకాలకు వాల్వులు అమర్చారు. అంతకుముందు కొన్ని స్వరాలే పలికే ట్రంపెట్ ఆ తర్వాత స్థాయి మొత్తం పలికింది. అడాల్ఫ్ సాక్స్ 1846లో సాక్సోఫోన్‌కు పేటెంట్ పొందాడు. వాల్వు లేకపోతే తెలంగాణ పల్లెల్లో పెళ్లి బ్యాండు లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఏకశైలి లేదు. డెబుస్సీ పాత హార్మొనీ నియమాలను సడలించాడు. 1913లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ ప్రదర్శన ప్రేక్షకుల గొడవ మధ్య జరిగింది. షూన్‌బర్గ్ పన్నెండు స్వరాలకూ సమాన హోదా ఇచ్చి ఆధార షడ్జమాన్నే తీసేశాడు. అమెరికాలో నల్లజాతి సంగీతం నుంచి జాజ్, తర్వాత రాక్ పుట్టాయి.

సైనిక బ్యాండ్లు, నోట్టుస్వరాలు

తెలుగు ప్రాంతంలో మచిలీపట్నంలో ఇంగ్లీషు వర్తకశాల 1611లోనే వెలిసినా, సంగీతపరంగా చెప్పుకోదగ్గ రాకపోకలు పద్దెనిమిదో శతాబ్దం చివర మద్రాసు కోట చుట్టూ జరిగాయి. ఈస్టిండియా కంపెనీ పటాలాల బ్యాండ్లు మార్చ్‌లు, జిగ్‌లు, వాల్ట్‌జ్‌లు వాయించేవి. మద్రాసు దగ్గర మణలిలో ముద్దుకృష్ణ మొదలియార్ ఆశ్రయంలో ఉన్న దీక్షితుల కుటుంబం వాటిని వింది. ముత్తుస్వామి దీక్షితులు (1776–1835) ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టినవే నోట్టుస్వర సాహిత్యాలు. సుమారు నలభై దొరుకుతున్నాయి. అన్నీ శంకరాభరణ స్వరాల్లోనే ఉంటాయి. బ్రిటిష్ రాజగీతం బాణీకి అమర్చిన ‘సంతతం పాహిమాం’ వీటిలో ప్రసిద్ధం. సి.పి. బ్రౌన్ సేకరించిన రాతప్రతుల్లో వీటిలో కొన్ని తెలుగు లిపిలో నిలిచాయి.

వీటిని రెండు సంగీతాల సమ్మేళనంగా వర్ణించడం పరిపాటి. ఆ మాట సరికాదు. బ్యాండులో బాణీ కింద మోగిన తోడు స్వరాలను దీక్షితులు తీసుకోలేదు, పై బాణీని మాత్రమే తీసుకున్నారు. ఇది హార్మొనీ లేని పాశ్చాత్యం. త్యాగరాజు తెలుగు కృతుల్లో సుపోషిణి రాగంలోని ‘రమించువారెవరురా’, కుంతలవరాళిలోని ‘శర శర సమరైక శూర’ వంటివాటిలోనూ బ్యాండు నడక ఉందని విమర్శకులు చెబుతారు. అక్కడా వచ్చింది నడకే.

తంజావూరులో తెలుగు సంగీత భాషగా ఉన్న కాలంలో రెండో శరభోజి (పాలన 1798–1832) పాశ్చాత్య వాద్యాలతో ఆస్థాన బ్యాండు నడిపాడు. నిజాం రాజ్యంలో బ్రిటిష్ పటాలాలకు సికింద్రాబాద్ కంటోన్మెంట్ కేంద్రమైంది.

వయోలిన్ (చూ. విజయనగరం సంగీత కళాశాల)

పదహారో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, ముఖ్యంగా క్రెమోనాలో అమాటి కుటుంబం చేతుల్లో వయోలిన్‌కు రూపం కుదిరింది. ఇప్పటి కమానును పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా తూర్త్ తీర్చిదిద్దాడు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర వయోలిన్ నేర్చుకునే నాటికి ఆ వాద్యం దాదాపు పూర్తి రూపం పొందింది. మార్చుకోవలసింది వాద్యాన్ని కాదు, కూర్చునే తీరును, శ్రుతిని. నిలబడి గడ్డం కింద పెట్టుకునే వయోలిన్ ఇక్కడ నేల మీద కూర్చుని, తల భాగాన్ని పాదం మీద ఆనించి వాయించేదైంది. అలా ఆనడంతో ఎడమచేయి స్వేచ్ఛగా జారి గమకం పలికించగలిగింది. తంత్రులకు పాశ్చాత్యుల నాలుగు వేర్వేరు స్వరాల బదులు స–ప–స–ప శ్రుతి పెట్టారు. ఆపైన గాత్రానికి నీడగా నడిచే పక్కవాద్యంగా అది స్థిరపడింది.

ఆంధ్రలో వయోలిన్‌ను సోలో కచేరీ స్థాయికి తెచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964). 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల నెలకొన్నప్పుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు కాగా, ద్వారం వయోలిన్ ఆచార్యులుగా చేరారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. నిడివైన, తెగని కమాను, ఎక్కడా గరగరలాడని నాదం ఆయన ప్రత్యేకతలు. పాశ్చాత్య వాదకుల రికార్డులు శ్రద్ధగా విని ఆ కమాను పద్ధతిని ఆయన అలవరచుకున్నారు. 1952లో భారతదేశానికి వచ్చిన పాశ్చాత్య వయోలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ ఆయన వాదనం విని మెచ్చుకున్నాడు. పాశ్చాత్యం నుంచి ఏం తీసుకోవాలి, ఏం వదలాలి అన్న విచక్షణకు ద్వారాన్ని మించిన ఉదాహరణ తెలుగువారిలో లేదు. నాదం తీసుకున్నారు, గమకాన్ని వదల్లేదు.

ఇదే తరహాలో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను రాగసంగీతానికి వంచారు. జంటతీగల మాండొలిన్ స్థానంలో ఆయన అయిదు ఒంటి తీగల వాద్యాన్ని స్థిరపరిచారు.

స్వరలిపి

తెలుగు సంగీత రచనను పాశ్చాత్య నొటేషన్ పరోక్షంగా కదిలించింది. మద్రాసుకు చెందిన చిన్నస్వామి మొదలియార్ 1890లలో కర్ణాటక కృతులను స్టాఫ్ నొటేషన్‌లో ప్రచురించాడు. ఆయన ప్రోద్బలం కూడా తోడై సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో అచ్చువేయించారు. అందులో వాడింది స, రి, గ, మ అక్షరాలే. గమకాలకు మాత్రం ప్రత్యేక గుర్తులు తయారుచేశారు. స్టాఫ్ నొటేషన్ అయిదు గీతలను వదిలి, కచ్చితంగా రాయాలన్న పట్టుదలను తీసుకున్న గ్రంథమిది.

చర్చి సంగీతం (చూ. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు)

పదహారో శతాబ్దపు లూథర్ సంస్కరణ సామాన్య భక్తులను వారి భాషలోనే పాడించింది. అలా పుట్టిన కోరల్ గీతం నాలుగు గొంతుల హార్మొనీకి స్థిరమైన నమూనా అయింది. ఆ సంప్రదాయానికి చెందిన హయ్యర్ 1842లో గుంటూరులో లూథరన్ మిషన్ ప్రారంభించాడు. అంతకుముందే 1805లో లండన్ మిషన్ విశాఖపట్నం చేరింది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు, మచిలీపట్నంలో ఆంగ్లికన్లు స్థిరపడ్డారు. పందొమ్మిదో శతాబ్దం చివర వెస్లియన్ మెథడిస్టులు నిజాం రాజ్యంలోకి వచ్చారు. మెథడిస్టులకు పాటే ప్రధాన బోధన. వారి వ్యవస్థాపక సోదరుల్లో ఒకడైన చార్లెస్ వెస్లీ వేల గీతాలు రాశాడు.

ఇంగ్లీషు హిమ్‌లను మూల బాణీల్లోనే తెలుగు చేయడంలో ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు పద్యం ఊనికతో నడుస్తుంది, తెలుగు గురులఘువులతో నడుస్తుంది. బాణీలో ఊనిక పడిన చోట తెలుగు మాటలోని లఘువు పడితే అక్షరం సాగి మాట చెడుతుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) దీనికి వేరే మార్గం ఎంచుకున్నారు. రాగతాళాల్లో, పల్లవి–చరణాల రూపంలో కీర్తనలు రాశారు. అందుకే తెలుగు చర్చిలో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ రాగం, తాళం పేర్లతో అచ్చవుతాయి. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య కూడా దేశీయ పాటనూ పద్ధతులనూ ప్రోత్సహించారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథీడ్రల్ వాస్తులోనూ అదే దృష్టి ఉంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి మాత్రం గోథిక్ రీతిలో నిలిచింది.

ఫలితంగా ఒకే ఆరాధనలో రెండు సంగీతాలు పక్కపక్కన ఉంటాయి. క్వయర్ నాలుగు గొంతుల్లో ఒక హిమ్ పాడుతుంది. తర్వాత సంఘమంతా తబలా, హార్మోనియంతో ఒకే గొంతుగా కీర్తన అందుకుంటుంది. తెలుగు నేల మీద సాధారణ ప్రజలు హార్మొనీని స్వయంగా పాడిన తొలి చోటు చర్చే.

హార్మోనియం, నాటకశాల

1842లో పారిస్‌లో దెబెన్ పేటెంట్ చేసిన కాలితొక్కుడు హార్మోనియం భారతదేశంలో చేతితిత్తుల పెట్టెగా మారింది. 1880లలో ధార్వాడ నాటక సమాజం కోస్తాలో పర్యటించిన తర్వాత తెలుగు నాటక సంఘాలు పుట్టాయి. కడప జిల్లా సురభిలో 1885లో సురభి నాటకాలు మొదలయ్యాయి. పద్యనాటకానికి హార్మోనియం ప్రాణాధారమైంది. సమ విభజన చేసిన పన్నెండు స్వరాలు తప్ప మరేవీ పలకలేని ఈ పెట్టె గమకాన్ని చెరుస్తుందని ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి, 1971లో సడలించింది. శాస్త్రపరంగా ఆ అభ్యంతరం నిజమే. నాటక వేదిక మీద గొంతెత్తి రాగం తీసే నటుడికి అంతకన్నా నమ్మకమైన తోడు లేదన్నదీ అంతే నిజం. ఉత్తర తెలంగాణ భాగోతాలు, యక్షగానాలు, భజన మండళ్లలోనూ అదే పెట్టె స్థిరపడింది.

సినిమా

1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన తెలుగు టాకీలో తొలినాళ్ల పాట నాటకం పాటే. 1940ల నుంచి మద్రాసు స్టూడియోల్లో ఆర్కెస్ట్రా పెరిగింది. స్టాఫ్ నొటేషన్ చదవగల గోవా, ఆంగ్లో ఇండియన్ వాదకులు వయోలిన్ బృందాల్లో, ట్రంపెట్, పియానోల దగ్గర కూర్చున్నారు. సాలూరి రాజేశ్వరరావు ‘మల్లీశ్వరి’ (1951)లో రాగం చెడకుండా వాద్యబృందాన్ని పరచిన తీరు నేటికీ పాఠమే. కరీంనగర్ ప్రాంతపు హనుమాజీపేటకు చెందిన సి. నారాయణరెడ్డి సినీకవిగా అడుగుపెట్టిన ‘గులేబకావళి కథ’ (1962) నాటికి తీగవాద్యాల బృందం, తబలా ఒకే పాటలో ఉండడం శ్రోతకు వింత కాదు. అయినా అప్పటి హార్మొనీ ఎక్కువగా పాటకు నేపథ్యం, అలంకారం.

ఇళయరాజాతో ఇది మారింది. ధనరాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చిన ఆయన ప్రతి వాద్యానికీ భాగాన్ని స్వయంగా రాసేవారు. ‘సాగర సంగమం’ (1983), ‘రుద్రవీణ’ (1988)లకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ‘గీతాంజలి’ (1989) పాటల్లో బేస్ గిటార్ వేరే బాణీగా నడుస్తుంది, గొంతు దాని మీద వేరే దారిన వెళుతుంది. బాఖ్ కాలపు కౌంటర్‌పాయింట్ ఇదే. అంటే ఐరోపాలో 1750కే ముగిసిన బరోక్ పద్ధతి తెలుగు పల్లె టేపురికార్డర్‌కు 1980లలో చేరింది. ఆయన 1986 వాద్య సంకలనం ‘హౌ టు నేమ్ ఇట్’ బాఖ్‌కూ త్యాగరాజుకూ అంకితం. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన సింఫనీ ‘వాలియంట్’ను వాయించింది.

ఎం.ఎం. కీరవాణి స్వరపరచిన ‘నాటు నాటు’ 2023 మార్చిలో ఉత్తమ గీతంగా ఆస్కార్ పొందింది. రచయిత చంద్రబోస్‌ది పెద్దపల్లికి పొరుగున ఉన్న జయశంకర్ భూపాలపల్లి జిల్లా చల్లగరిగ. పాట ఆరు బై ఎనిమిది లెక్కలో, మన తిశ్ర నడకలో సాగుతుంది. ఐరోపా జిగ్ లెక్క కూడా ఆరు బై ఎనిమిదే.

ఉత్తర తెలంగాణ: కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్ (చూ. ఒగ్గు కథ, గుస్సాడి)

కమాను వాద్యం ఈ ప్రాంతానికి వయోలిన్‌తో రాలేదు. ఆదిలాబాద్ గోండుల కథాగాయకులైన పర్ధాన్లు, తోటీలు కమానుతో కిక్రి వాయిస్తూ వంశ గాథలు పాడతారు. వారి కాళికోం ఊదుడు బాకా, పేప్రే సన్నాయి జాతి వాద్యం. కమాను వాద్యం, బాకా పాశ్చాత్యం తెచ్చినవే అనుకునేవారు ఈ వాద్యాలను తప్పక వినాలి.

వెస్లియన్ మిషన్ కరీంనగర్‌లో కేంద్రం నెలకొల్పడంతో హిమ్ ఈ ప్రాంతానికి చేరింది. 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది, 1978లో కరీంనగర్ డయోసిస్ వెలిసింది. క్రిస్మస్ ముందు రాత్రుల్లో ఇంటింటికీ తిరిగి పాడే క్యారల్ బృందాలు కరీంనగర్, పెద్దపల్లి, గోదావరిఖని వాడల్లో గిటారు, డోలక్ కలిపి పట్టుకుంటాయి.

2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి విడివడి జిల్లా అయిన పెద్దపల్లిలో పాశ్చాత్య వాద్యం ఎక్కువమందికి వినబడేది పెళ్లి బ్యాండులో. ఎదుర్కోళ్లకూ బరాత్‌కూ డప్పు, డోలు–సన్నాయిలతో పాటు ట్రంపెట్, క్లారినెట్, యూఫోనియం, సైడ్ డ్రమ్ములతో బ్యాండు వస్తుంది. సైనిక దుస్తులను పోలిన వేషం కూడా కంటోన్మెంట్ వారసత్వమే. వాద్యాలు రొమాంటిక్ యుగపు కార్ఖానాలవి. వాటి మీద పలికేది మాత్రం సినిమా పాట బాణీ ఒక్కటే, అందరూ కలిసి ఒకే స్వరంగా. కాగితం ఉండదు. పెద్ద వాదకుడు ఒకసారి ఊది చూపిస్తే కుర్రవాళ్లు వేళ్లతో పట్టుకుంటారు. దీక్షితులు బ్యాండు నుంచి పై బాణీని మాత్రమే తీసుకున్నట్టే, పల్లె బ్యాండు కూడా సినిమా పాటలోని హార్మొనీని వదిలి పై బాణీనే తీసుకుంటుంది. దాన్ని లోపంగా ఎంచడం తగదు. వీధిలో నడుస్తూ, డప్పు మోత మధ్య వినబడవలసిన సంగీతానికి బాణీయే ముఖ్యం.

గోదావరిఖని, రామగుండం పారిశ్రామిక కాలనీల్లో కీబోర్డు, ప్యాడ్, బేస్ గిటారుతో సినిమా పాటలు వినిపించే ఆర్కెస్ట్రాలు సింగరేణి దినోత్సవం, వినాయక నవరాత్రుల వేదికలెక్కుతాయి. ఇటీవల బరాత్‌లో డీజే పెట్టెలు బ్యాండు చోటును చాలావరకు ఆక్రమించాయి.

బోధన

పాశ్చాత్య సంగీతాన్ని క్రమపద్ధతిలో నేర్చుకునేవారు ప్రధానంగా హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ నగరాల్లో ట్రినిటీ కాలేజ్ లండన్ వంటి సంస్థల గ్రేడ్ పరీక్షలకు కూర్చుంటారు. జిల్లాల్లో గిటారు, కీబోర్డు నేర్చేది ఎక్కువగా చర్చి బృందాల్లో, ఆర్కెస్ట్రాల్లో, ఇప్పుడు వీడియోల్లో. పోలీసు బ్యాండ్లలో మాత్రం స్టాఫ్ నొటేషన్ చదవడం శిక్షణలో భాగంగా కొనసాగుతోంది.

నేర్పడంతో పాటు భద్రపరచడమూ అవసరమే. తెలంగాణ రాష్ట్ర గీతంగా అందెశ్రీ రచన ‘జయ జయహే తెలంగాణ’ 2024 జూన్ 2న కీరవాణి స్వరకల్పనలో వెలువడింది. దాని బాణీ, వాద్య రచన రికార్డులో భద్రంగా ఉన్నాయి. పెద్దపల్లి, సుల్తానాబాద్, మంథని బ్యాండు పెద్దల చేతివేళ్లలో ఉన్న బాణీలకు అలాంటి రికార్డు లేదు. వాటిని వాయిస్తున్నవారు ఉండగానే ధ్వనిముద్రణ చేసి, వాద్యాల వివరాలతో భద్రపరచడం జిల్లా గ్రంథాలయాలు, కళాశాలలు వెంటనే చేపట్టవలసిన పని.